కొత్తవాళ్ళకు నేర్పిస్తా కూర్చుంటే మన ఆట ఎప్పుడు ఆడేది?

అలిపిరి_మెట్లు
మొహమాటం లేకుండా చెప్పండి. యూనివర్సిటీ గ్రౌండు పక్కన ఆదివారం పొద్దున మేము లాంగ్‌స్వోర్డ్ (యూరప్ వాళ్ళ పాత పొడుగు కత్తి) సాధన చేస్తామని ఇక్కడ చానామందికి తెలుసు. పాత జర్మన్ కత్తిసాము పుస్తకాలు ముందర పెట్టుకొని నేర్చుకున్నదే. ప్రతి వారం ఎవడో ఒకడు రీల్ చూసి కొత్తగా వస్తాడు. రెండు చేతుల కత్తిని క్రికెట్ బ్యాట్ పట్టినట్టు పడతాడు. వాడికి కాళ్ళు ఎట్లా పెట్టాలో, నాలుగు గార్డులు (కత్తి పట్టుకొని నిలబడే తీరులు) ఏవో చూపించేలోపల ఎండ నెత్తికెక్కుతుంది. నా స్పారింగ్ (ఎదురెదురుగా నిలబడి ఆడేది) ఆఖర్న పది నిమిషాలు, అదీ ఒళ్ళు అలిసిపోయినాక. మూడు వారాలకు వాడు మాయం, ఇంకొకడు ప్రత్యక్షం. మళ్ళీ 'ఎడమకాలు ముందు పెట్టు' కాడినుంచి మొదలు.

నాతోపాటు బెంగళూరులో నేర్చుకున్నోళ్ళు పోటీలకు పోతా ఉండారు, పతకాలు తెచ్చుకుంటా ఉండారు. నేను ఆడనే ఉండా. దానికి తోడు ఈ మధ్య ఒక పేపరోళ్ళు వచ్చి మా గురించి రాసినారు. ఫొటో నిన్నగాక మొన్న చేరిన పిలగాడిది. పేర్లు ఇద్దరివి. చివర్లో 'తదితరులు పాల్గొన్నారు' అని ఉండాది చూడండి, ఆ తదితరుల్లో నేను ఉండా.

ఒక ఆర్నెల్లు కొత్తవాళ్ళను తీసుకోకుండా నా ఆట నేను చూసుకోవాలని ఉండాది. తప్పా?

రేణిగుంట_జంక్షన్
తప్పేముంది. ఆపెయ్. నీ ఆదివారం నీది.

కాణిపాకం_ప్రమాణం
పేరు పడలేదని బాధా, ఆట పోతా ఉందని బాధా? రెండూ వేరు వేరు. ఏదో ఒకటి చెప్పు, ప్రమాణం చేయించనులే.

అలిపిరి_మెట్లు
రెండూ. దాచేదేముంది ఇందులో.

లాంగ్‌స్వోర్డ్_లడ్డు
తదితరులన్నా, ఈ ఆదివారం ప్రాక్టీసు ఉందా లేదా? అది చెప్పు ముందు.

పాత_గరిడి
మాది చిత్తూరు. ఈ లాంగ్‌స్వోర్డ్ గీంగ్‌స్వోర్డ్ నాకు తెలీదు. మా మనవడు చూపిస్తే చదివినా. చిన్నప్పుడు మేము కర్రసాము నేర్చుకున్నాం. మా గరిడిలో కొత్త పిలకాయల్ని గురువు ముట్టుకునేవాడే కాదు. పైవాడు ఒకడు వాణ్ణి చూసుకోవాల. నాకు అన్న వరస ఆయన ఒకాయన నేర్పినాడు. ఏం నేర్పినాడంటే, మణికట్టు. కర్రను నడిమధ్యలో పట్టి మణికట్టు తిప్పేది, అదొక్కటే నెలల తరబడి. ఎడమచేత్తో తిప్పేటప్పుడు కర్ర కొన వచ్చి మోచేతి ఎముకకు టక్కుమని తగులుతుంది. అది తగలకుండా పోయిన రోజున రెండో అడుగు చెప్పినాడు. గంగజాతరలో కర్ర తిప్పింది మేము, ఈలలు, చప్పట్లు మాకు. ఆయన జనాన్ని వెనక్కి నెట్టుకుంటా, చంటిబిడ్డలకు తగలకుండా చూసుకుంటా ఉండేవాడు. కరపత్రంలో ఆయన పేరు ఎప్పుడూ పడింది లేదు. అడిగిందీ లేదు.

అట్లని పాతకాలం గురువులంతా ధర్మాత్ములని నేను చెప్పను. ఒక పట్టు దాచిపెట్టుకునేవాళ్ళు, శిష్యుడు ఎప్పుడన్నా తిరగబడితే పనికొస్తుందని. అది వాళ్ళతోనే కాటికి పోయింది. ఇప్పుడు మా వీధిలో కర్ర పట్టేవాడు లేడు.

లాంగ్‌స్వోర్డ్_లడ్డు
పెద్దాయనా, 'లాంగ్‌స్వోర్డ్ గీంగ్‌స్వోర్డ్' అని మా టీషర్టుల మీద అచ్చేయిస్తా ఉండాం. మీ అనుమతి కావాల.

పాత_గరిడి
వేసుకోండి. నాకొకటి పంపండి. పెద్ద సైజు.

పాత_పుస్తకాల_పురుగు
పెద్దాయన చెప్పిన దాపరికం అక్కడా ఉంది. ఫియోరె అనే ఇటలీ ఆయన 15వ శతాబ్దం మొదట్లో రాసిన పుస్తకం ముందుమాటలో తనే చెప్పుకున్నాడు, విద్యను గుట్టుగా నేర్పేవాణ్ణని. వేరే గురువులకు తన విద్య చూపించనన్నందుకు ఐదుసార్లు పదునైన కత్తులతో తలపడాల్సి వచ్చిందట. కవచం లేకుండా, ఒక దళసరి చొక్కా, తోలు చేతొడుగులు, అంతే.

జర్మన్ పద్ధతికి మూలపురుషుడు లీష్టెనావర్ అంటాం కదా. ఆయన చేత్తో రాసిన పుస్తకం ఒక్కటీ మనకు లేదు. పద్యాలు మాత్రం ఉన్నాయి, అవీ బయటివాడికి అర్థం కాకుండా కట్టినవి. ఆ పద్యాలకు రింగెక్ లాంటి వాళ్ళు టీక రాసిపెట్టబట్టి ఈరోజు తిరుపతిలో మనం త్సోర్న్‌హౌ (పైనుంచి ఏటవాలుగా దించే దెబ్బ) కొడుతున్నాం. మధ్యలో నేర్పేవాళ్ళు తెగిపోయారు. అందుకే మనవాళ్ళు బొమ్మలు చూసి, ఆ కాలు ఎక్కడ ఉందో, ఈ చెయ్యి ఎందుకు తిరిగిందో కొట్టుకు చావాల్సి వస్తోంది.

రేణిగుంట_జంక్షన్
పురుగన్నా, కత బాగుంది గానీ దాన్నిబట్టి పేరు కోరుకోవడం పాపమని తేల్చకు. మేయర్ సంగతి నువ్వే కదా చెప్పింది ఒకసారి?

పాత_పుస్తకాల_పురుగు
అవును, అదీ నిజమే. యోఆఖిం మేయర్ వృత్తికి కత్తులు చేసే పనివాడు, స్ట్రాస్‌బర్గ్‌లో ఉండేవాడు. 1570లో పెద్ద పుస్తకం అచ్చేయించాడు, అప్పు చేసి. అది ఒక దొరకు అంకితం, పేరు రావాలనీ కొలువు దొరకాలనీ ఆశ. కొలువు దొరికింది, ష్వెరిన్‌కు పోయాడు. 1571లో అక్కడే పోయాడు, అప్పు అట్లే మిగిలింది. అయితే ఆ పుస్తకం కొత్తవాడికి మెట్టుమెట్టుగా చెప్పే పుస్తకం. నాలుగు వైపులకూ వరస మార్చి మార్చి కొట్టే అంకెల చదరం ఉంటుంది చూడండి, మనం ప్రతి వారం వార్మప్‌లో చేసేది, అది ఆయనదే. పేరు కోసం రాశాడా, పిల్లల కోసం రాశాడా అంటే నేను చెప్పలేను. రెండూ ఒకే మనిషిలో ఉండకూడదని ఎవరన్నారు?

రేణిగుంట_జంక్షన్
అదే నేను చెప్పేది. 1487లో జర్మనీ చక్రవర్తి ఫ్రాంక్‌ఫర్ట్ కత్తిసాము సంఘానికి హక్కుపత్రం ఇచ్చినాడు, మాస్టర్ అనిపించుకోవాలంటే వాళ్ళ ముందర పరీక్ష ఇయ్యాల. అంటే గుర్తింపు కోసం అప్పుడూ ఎగబడినారు. మన భవానీ దేవిని చూడండి. చెన్నై అమ్మాయి, టోక్యో ఒలింపిక్స్‌కు పోయిన తొలి భారత ఫెన్సర్. ప్రతి ఆదివారం కొత్తోళ్ళకు కాళ్ళు సర్దుకుంటా కూర్చొనుంటే పొయ్యుండేదా?

కరకంబాడి_రోడ్డు
పోలిక కుదర్లేదు. ఆమెది ఒలింపిక్ ఫెన్సింగ్, అందులో సేబర్ అనే కత్తి. దానికి ఫెడరేషన్ ఉంది, కోచ్‌లు ఉన్నారు, తలశ్శేరిలో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రం ఉంది. మొదట్లో వెదురు కర్రలతో సాధన చేశామని ఆమే చెప్పింది. ఆ కర్ర చేతికిచ్చి నేర్పినవాళ్ళు ఎవరో ఒకరు ఉన్నారు కదా. మనకు ఫెడరేషనూ లేదు, కోచూ లేదు, మనకు మనమే. అలిపిరన్న ఆపేస్తే తిరుపతిలో ఈ కత్తి పట్టుకోవడం చెప్పేవాళ్ళు ఎంతమంది?

రేణిగుంట_జంక్షన్
చెప్పేవాళ్ళు లేరని ఒకడి మెడకు కట్టేస్తారా? ఆ 'మనకు మనమే'లో నువ్వు ఎప్పుడన్నా కొత్తోళ్ళ వరసలో నిలబడినావా? నేనైతే చూళ్ళేదు.

కరకంబాడి_రోడ్డు
కొండమీద డ్యూటీ నాకు. షిఫ్టు దిగి వచ్చేసరికి మీరు టీ అంగట్లో ఉంటారు.

లాంగ్‌స్వోర్డ్_లడ్డు
టీ అంగడికి మాత్రం తప్పకుండా వస్తాడు, సాక్ష్యం నేనే.

మూడోవారం_మాయం
అన్నా, ఆ మూడు వారాలకు మాయమైనోళ్ళలో నేనొకణ్ణి. అందుకే పేరు ఇట్లా పెట్టుకున్నా. ఎందుకు మానేసినానో చెప్పమంటే చెప్తా.

అలిపిరి_మెట్లు
చెప్పు నాయనా. పరీక్షలు అనొద్దు.

మూడోవారం_మాయం
పరీక్షలు కాదన్నా. మొదటి వారం మీరు బాగానే చెప్పినారు. రెండో వారం ఇంకో అన్న వచ్చి మీరు చెప్పిన కాలు తప్పన్నాడు. మూడో వారం ఒకాయన (పేరు వద్దు) 'రా, ఫ్రీగా ఆడదాం' అని పిల్చి, మాస్కు మీద వరసగా వాయించి, ప్రతిసారీ తను కొట్టిన కట్ (కత్తి దెబ్బ) జర్మన్ పేరు చెప్పినాడు. నాకు ఏం జరిగిందో కూడా తెలీదు. నైలాన్ కత్తే అయినా మాస్కు లోపల గంట కొట్టినట్టుంటుంది. నేను వేసింది ఏదైనా సరిగ్గా పడిందా లేదా అని ఒక్కరూ చెప్పలేదు. మళ్ళీ రావాలనిపించలేదు, అంతే. మీ మీద కోపం లేదు.

పాత_గరిడి
సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టు.

కాణిపాకం_ప్రమాణం
ఆ ఒకాయన ఎవరో నాకు తెలుసు. ఈ చర్చలోనే ఉన్నాడు.

రేణిగుంట_జంక్షన్
నేను కాదు.

కాణిపాకం_ప్రమాణం
నువ్వని నేను అన్లేదే!

మాతంగి_వేషం
నేను చెప్పాలనుకున్నది మాయం తమ్ముడు సగం చెప్పేశాడు. నేను పద్మావతి యూనివర్సిటీ హాస్టల్ నుంచి వచ్చేదాన్ని. మొదటి రోజు అంతమంది మగపిల్లలు, అందరికీ నాకంటే జానెడు పొడుగు చేతులు. వెనక్కి పోదామనే అనుకున్నా. అలిపిరన్న నన్ను పక్కకు పిలిచి చేసిన పని ఒకటుంది, ఆయనకు గుర్తుందో లేదో. నన్ను కొట్టమన్నాడు. నెమ్మదిగా, కానీ నిజంగా తలకే గురిపెట్టమన్నాడు. నాకు చెయ్యి రాదు, కత్తి ఆయన భుజం పక్కకు పోతుంది. 'పక్కకు కొడితే నాకు ఆపే పని లేదు, నేనేం నేర్చుకోను' అన్నాడు. తలకు పెట్టాను. ఆయన ఆపాడు, కత్తులు కలిసినచోట అట్లే ఉంచి 'ఇప్పుడు తోస్తున్నానా, వదిలేస్తున్నానా?' అని అడిగాడు. కళ్ళు మూసుకోమన్నాడు. తోస్తున్నాడని చేతికి తెలిసింది. అంతే ఆరోజు పాఠం. ఇంటికి పోయేటప్పుడు ఆ సంగతే బుర్రలో తిరిగింది.

ఇప్పుడు ఈ పేపర్లో పేరు గోల గురించి. అన్నా, నీ బాధ నాకర్థమైంది, పేరు వేసుంటే బాగుండేది. రాసినాయన కనీసం అడిగుండాల్సింది. కానీ నేర్పించడంలోనూ ఎచ్చులుంటాయి, అది ఎవరూ అనడం లేదు. కొత్తవాళ్ళు ఉంటే గెలవడం సులువు, 'అన్నా అన్నా' అంటారు, ఇంకెక్కడా దొరకని మర్యాద దొరుకుతుంది. అట్లాంటి వాళ్ళ కోసం నేర్పేదానికంటే ఆపేసి పోటీలకు పోవడమే నిజాయితీ. నువ్వట్లా కాదు కాబట్టి నీకు చెప్తున్నా.

పాత_పుస్తకాల_పురుగు
మాతంగి అక్కా, మీకోసం ఒక ముక్క. మనకు దొరికిన యూరప్ కత్తిసాము పుస్తకాల్లో అన్నిటికంటే పాతది 14వ శతాబ్దం మొదట్లోది. ఇంగ్లండులో లీడ్స్ మ్యూజియంలో ఉంది. కత్తి, చిన్న డాలు. బొమ్మల నిండా ఇద్దరే, ఒక పూజారి, ఒక శిష్యుడు. పూజారి తప్పు చేసినట్టు నిలబడి శిష్యుణ్ణి కొట్టనిచ్చే బొమ్మలు కూడా ఉన్నాయి. చివరి పుటల్లో శిష్యుడి చోట ఒక ఆడమనిషి వస్తుంది, వాల్‌పుర్గిస్ అని పేరు రాసుంది. ఆమె ఎవరో వివరం ఏమీ లేదు. పేరు మాత్రం పడింది.

మాతంగి_వేషం
చూశారా, తదితరుల్లో వెయ్యలేదు!

పుత్తూరు_కట్టు
నేను ఫిజియోథెరపీ చేస్తాను. ఈ పేరు పెట్టుకున్నందుకు మా ఊళ్ళో కట్టుకట్టేవాళ్ళు ఏమనుకోరులే. మాతంగి చెప్పిన 'నిజంగా తలకు గురిపెట్టు' అన్నమాట అందరూ పట్టించుకోవాలి. కొత్తవాడికి నేర్పేటప్పుడు చాలామంది దయతలచి కత్తిని వాడి చెవి పక్కగా దించుతారు. వాడు అడ్డం పెట్టినా పెట్టకపోయినా తగలదు. దాంతో వాడి చేతులు గాల్లోకి పోయి వెతుక్కోవడం అలవాటు పడతాయి. తర్వాత ఒకరోజు ఎవరో నిజంగా కొడతారు, ఆ చేతులు దారికి అడ్డం వస్తాయి, బొటనవేలు పగులుతుంది. నా దగ్గరికి వచ్చే దెబ్బల్లో ఎక్కువ ఇదే, బొటనవేలు, తర్వాత చూపుడువేలు. నెమ్మదిగా కొట్టు, సరైన దూరంలో కొట్టు, తగిలేట్టు కొట్టు. మాస్కు ఉంది కదా. వేగం తగ్గించు, గురి మాత్రం తప్పించకు.

ఇంకొకటి, పట్టు. కొత్తవాడి గోరు చూడండి. తెల్లగా అయిందంటే పిండేస్తున్నాడని. ముంజేయి పావుగంటలో రాయవుతుంది. మూడో వారం మాయమయ్యేదానికి సగం కారణం ఈ నొప్పే, వాడికే తెలీదు. 'మన వల్ల కాదు' అనుకుని పోతాడు.

మూడోవారం_మాయం
నిజమేనన్నా. టూవీలర్ క్లచ్ పట్టుకోలేకపోయినా ఆ సోమవారం.

రేణిగుంట_జంక్షన్
సరే, ఇంత చెప్పినారు. అలిపిరి అడిగింది వాడి ఆట గురించి. దానికి ఎవరూ జవాబు చెప్పలా.

కరకంబాడి_రోడ్డు
చెప్తా. కొత్తవాళ్ళతో ఆడేటప్పుడే నీ ఆట ఆడొచ్చు, నియమం పెట్టుకుంటే. నీకు బాగా వచ్చిన కట్ ఆరోజు కొట్టొద్దు. ఎడమవైపు నుంచే మొదలుపెట్టు. ఇద్దరికీ తగిలితే నువ్వు ఓడినట్టు లెక్క. ఈ మూడోది చాలా కష్టం, చేసి చూడు. తెలిసినవాడు నువ్వు ముందుకొస్తే వెనక్కి తగ్గుతాడు. తెలియనివాడు కళ్ళు మూసుకుని ఎదురు కొడతాడు. పోటీల్లో మొదటి రౌండులో పెద్ద పెద్దోళ్ళు ఎగిరిపోయేది ఈ డబుల్ హిట్ల వల్లనే. కొత్తవాడి ఎదురుదెబ్బను తప్పించుకుంటా కొట్టగలిగితే ఎవడితోనైనా ఆడతావు.

అలిపిరి_మెట్లు
ఇది బాగుంది. చేసి చూస్తా. కానీ ఒట్టిగా చెప్పడంలేదు, నాకు సమానమైనోడితో ఆడితే వచ్చేది దీంతో రాదు. వేగం ఉండాల, భయం ఉండాల. స్టీలు ఫెడర్‌తో (సాధనకు వాడే మొద్దు కత్తి), ఒకటిన్నర కిలో బరువు, ఎదురుగా ఒకడు నిజంగా గెలవాలని వచ్చేది వేరే. అది వారానికి పది నిమిషాలు చాలదు.

రేణిగుంట_జంక్షన్
అందుకే నేను ముందే చెప్పినా.

మాతంగి_వేషం
దానికి ఆపేయక్కర్లేదు. వచ్చినోణ్ణి వచ్చినట్టు తీసుకోవడం ఆపండి. నెల మొదటి ఆదివారం మాత్రమే కొత్తవాళ్ళు చేరాలి, అందరూ ఒకేచోట మొదలవుతారు. వాళ్ళను రెండు వారాలు అన్న, రెండు వారాలు నేను చూసుకుంటాం. నేను చూసే వారాల్లో అన్న కత్తి తీసుకుని అవతలి మూలకు పోవాలి, ఇటు తిరిగి చూడకూడదు.

లాంగ్‌స్వోర్డ్_లడ్డు
ఇటు తిరిగి చూడకుండా ఉండడం ఈయన వల్ల అయ్యే పనేనా? టీ తాగుతా కూడా పక్క టేబుల్ వాడి మోచేయి సర్దుతాడు.

పాత_పుస్తకాల_పురుగు
ఒక షరతు నాది కూడా. మొదటి గంటలో చరిత్ర ఎవరూ చెప్పొద్దు. నేను చెప్పినా ఆపండి. చరిత్ర టీ అంగట్లో చెప్పుకుందాం. కొత్తవాడు కత్తి పట్టుకోడానికి వచ్చాడు, నా ఉపన్యాసం వినడానికి కాదు.

కాణిపాకం_ప్రమాణం
ఇది మాత్రం ప్రమాణం చేయించాల్సిందే.

పుత్తూరు_కట్టు
కొత్తవాడికి ఒక మనిషే చెప్పాలి, ఆరోజుకు ఒక తప్పే చెప్పాలి. కాలు తప్పు, చెయ్యి తప్పు, చూపు తప్పు అని ముగ్గురు మూడు చెప్తే వాడు నిలబడడం కూడా మర్చిపోతాడు.

రేణిగుంట_జంక్షన్
సరే, ఆ అవతలి మూలకు నేను వస్తా. అలిపిరితో ఆడేవాడు కావాల కదా. కొత్తోళ్ళ వరసలోకి మాత్రం నన్ను పిలవొద్దు, నాకు ఓపిక లేదు, ఉందని అబద్ధం చెప్పను.

అలిపిరి_మెట్లు
రా. నీ ఫెడర్ కొనకు రబ్బరు ఊడిపోయింది, అది వేసుకొని రా. లేకపోతే దూరంగానే నిలబెడతా. మాతంగి చెప్పినట్టు చేద్దాం, వచ్చే నెల నుంచి. బెంగళూరు పోటీకి నేను పేరిస్తా ఉండా, అది మారదు. పోయి వచ్చే రెండు వారాలు మొత్తం మాతంగి చూసుకోవాల. కరకంబాడీ, నీ షిఫ్టు చూసి ఒక వారం ఖాళీ చెప్పు.

కరకంబాడి_రోడ్డు
రెండో ఆదివారం వారాంతపు సెలవు. వస్తా. టీ డబ్బులు నేను ఇయ్యను.

మూడోవారం_మాయం
నేను మళ్ళీ రావచ్చా? మొదటి నుంచి?

మాతంగి_వేషం
రా. నాతోనే మొదలుపెట్టు. చేతొడుగులు కొనొద్దు, ఇక్కడ ఉన్నాయి. ఫెడర్ అసలే కొనొద్దు, కస్టమ్స్‌తో కలిపి తడిసి మోపెడవుతుంది. కొంటే ముందు మాస్కు కొనుక్కో, ఇంకొకరి చెమట మాస్కు పెట్టుకునే బాధ తప్పుతుంది.

పాత_గరిడి
ఆడపిల్ల నేర్పుతుందంటే చూడాలని ఉండాది. తిరుపతికి వస్తే గ్రౌండు కాడికి వస్తా. కుర్చీ ఉంటుందా?

లాంగ్‌స్వోర్డ్_లడ్డు
కుర్చీ ఉంటుంది పెద్దాయనా. మీరు మణికట్టు తిప్పేది మాకు చూపించాల. పెద్ద సైజు టీషర్టు కూడా సిద్ధం.

చంద్రగిరి_పదోతరగతి
నాకు 15 ఏళ్ళు. రానిస్తారా?

పుత్తూరు_కట్టు
అమ్మనో నాన్ననో తీసుకొని రా, వాళ్ళు ఒప్పుకోవాలి. స్పారింగ్ ఇప్పుడే లేదు, అడుగులు, కట్‌లు వరకే. మోకాలికీ మణికట్టుకూ ఇంతకుముందు ఏమైనా దెబ్బలు తగిలుంటే నాకు ముందే చెప్పు.

చంద్రగిరి_పదోతరగతి
దెబ్బల్లేవు. నాది ఎడమచేతివాటం.

రేణిగుంట_జంక్షన్
ఎడమచేయా! వీణ్ణి మా మూలకు పంపండి.

మాతంగి_వేషం
పంపం. బూట్లు వేసుకొని రా తమ్ముడూ, చెప్పులతో వద్దు. ఆరున్నరకల్లా ఉండాలి.